మూడు విజిళ్లకే

ఒక్క మాట కలపను, ఒక్క మాట తియ్యను
అని ప్రమాణం చేసి ఇరవై రెండేళ్లు.
ప్యారీస్ కార్నర్‌లో బస్సు దిగి
ఎర్రగోడల పక్కగా నడిచి
ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కితే
ఇక నా నోరు నాది కాదు.
ఎవరి ఏడుపైనా నా గొంతులోంచి
పొడిగా రావాలి.

తెలుగులో అడిగాడంటే ప్రశ్న,
అరవంలో అడిచ్చాన్ అంటే దెబ్బ.
రెంటికీ మధ్య ఒక్క అక్షరం.
కొన్ని ఇళ్లల్లో ఆ అక్షరమూ అడ్డం ఉండదు.

ఆ రోజు బిడ్డ పేరు శ్రీనిజ.
ఏడేళ్లు. పైపళ్లలో ఒకటి లేదు.
కావలి నుంచి అంబత్తూరు వచ్చి ఏడాది,
అరవం ఇంకా బడి గేటు దగ్గరే నిలబడి ఉంది.

పొద్దున హాల్లో తండ్రి తరఫు వకీలు అన్నాడు:
"బిడ్డ మీద చెయ్యెత్తినట్టు
ఒక్క కాగితం చూపించండి."
నిజమే. లేదు.
తల్లి మోచేతి ఎక్స్‌రే ఉంది.
అది మొగుడూ పెళ్లాల సంగతట,
బిడ్డ సంగతి వేరట.
"ఏమంటున్నాడక్కా?" అని అనసూయ నా కొంగు లాగింది.
చెప్పాను. కలపలేదు, తియ్యలేదు.
వెనక బెంచీలో ఆయన
కవరు విప్పని బొమ్మను ఒళ్లో పెట్టుకుని
గుళ్లో కూర్చున్నంత నెమ్మదిగా కూర్చున్నాడు.

మధ్యాహ్నం జడ్జిగారి గదిలో ముగ్గురమే.
ఆవిడ నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించింది,
బల్ల ఇవతలికి వచ్చి కూర్చుంది,
బిడ్డకి వేరుశనగ చిక్కీ ఇచ్చింది.
అమ్మ కావాలా నాన్న కావాలా అని అడగలేదు.
ఆ ప్రశ్నని ఎన్నిసార్లు తెలుగు చేశానో,
చేసినప్పుడల్లా ఒక పిల్ల తల నేలకి దిగేది.
"సాయంత్రాలు మీ ఇంట్లో ఎలా ఉంటుంది కన్నా?"
అంది ఆవిడ. అంతే.

బిడ్డ చిక్కీ కొరకలేదు, అంచు నాకింది.
"నాన్న బండి సౌండు వస్తాది.
అమ్మ కుక్కరు పెడతాది.
నన్ను బాత్రూంలో కూర్చోబెట్టి
విజిళ్లు లెక్కపెట్టమంటాది."
"ఎన్ని వస్తాయి?"
"ఒక్కోసారి ఏడు. ఒక్కోసారి ఇంకా.
అన్నం మూడు విజిళ్లకే ఉడుకుతాది"
అని నా వైపు చూసి చెప్పింది,
నాకు వంట రాదేమోనన్నట్టు.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి
నాలుక అంగిలికి అంటుకుంది.
ఆ మాట వెనకాల ఇంకో వాక్యం ఉంది.
బిడ్డకి తెలుసు, నాకు తెలుసు.
బిడ్డ చెప్పలేదు గనక నేను చెప్పకూడదు.
కుక్కరు. ఏడు. మూడు.
కండక్టరు చిల్లర లెక్కపెట్టి ఇచ్చినట్టు
ఉన్నదున్నట్టు అప్పజెప్పాను.

ఆవిడ పెన్ను ఆగింది.
ఆవిడా ఇంట్లో వండుతుందేమో.
"ఏళా?" అంది మెల్లగా.
"ఏళు" అన్నాను.
ఫ్యాను తిరుగుతూనే ఉంది.
బిడ్డ అప్పుడు చిక్కీ కొరికింది.

మూడు వారాలకి ఆర్డరు వచ్చింది.
బిడ్డ తల్లి దగ్గర.
రెండో శనివారం, నాలుగో శనివారం
కోర్టు పిల్లల గదిలో, ఆయా ఎదురుగా,
రెండు గంటలు తండ్రి చూడొచ్చు.
ఇంటి ఛాయలకీ బడి ఛాయలకీ పోకూడదు.
మెట్ల మీద అనసూయ ఆగిపోయింది.
"అంటే గెలిచినట్టా అక్కా?"
ఆర్డర్లో ఆ మాట లేదు.
"రెండు గంటలే" అన్నాను. "ఆయా ఉంటుంది."
ఆయాకి తెలుగు రాదని చెప్పలేదు.
తియ్యనని ప్రమాణం చేసినదాన్ని,
తీశాను.

పెరంబూరులో మాది మొదటి అంతస్తు.
రాత్రి చారు పొయ్యి మీద పెట్టి
పై వాటా కుక్కరు విన్నాను.
ఏళ్లుగా వింటున్నదే.
వేళకి తింటారు పాపం అనుకునేదాన్ని.
మూడు.
నాలుగు.
గ్యాసు కట్టేశాను.
ఐదో విజిల్‌కి
చెప్పులు వేసుకున్నాను.