రెండు కోన్ల అవతల

సలైనా ఊరి చివర
విమానాలు దిగడం మానేసిన కాంక్రీటు మీద
ఆదివారం తెల్లవారేసరికి
ఎవరో నారింజ రంగు చుక్కలు పెట్టి వెళ్ళారు.
గీత మాత్రం ఎవరిది వాళ్ళే గీసుకోవాలి.

మూడుసార్లు నడిచాను ఆ దారి,
కాన్సాస్ గాలి చున్నీని మొహానికి కొడుతుంటే.
ఐదు కోన్ల వరస, ఎడమ మలుపు,
ఆ పైన వెనక్కి తిరిగే పెద్ద మెలిక.
మెలికల ముగ్గు నాకు కొత్తా, అనుకున్నాను.
ముగ్గుపిండి ముప్పై అయిదు మైళ్ళ వేగంతో జారదని
అప్పటికి తట్టలేదు.

నా బండి పదమూడేళ్ళ హోండా ఫిట్.
లోపలున్నవి ఏవీ దొర్లకూడదన్నారు.
గొడుగు, పాపాయి బూట్లు, ఇరవై పౌన్ల బియ్యం సంచి
దించి గడ్డిలో పెట్టాను.
అరువు హెల్మెట్టులో ఎవరిదో షాంపూ వాసన.

పక్క సీట్లో డోరీన్ కోవాల్‌చిక్,
ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి.
ఒళ్ళో చేతులు పెట్టుకుని
చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంది.

మొదటి పరుగు.
మూడో కోను నన్నే చూస్తోందనిపించింది.
నేనూ దాన్నే చూశాను.
ఇంకేముంది, దభీమని.
"కళ్ళెటు పోతే బండి అటు పోతుంది హైమా,
కొట్టకూడనిదాన్ని చూడకు."
కోనుకి రెండు సెకన్ల జరిమానా.
అలాంటివి నాలుగు.

రెండో పరుగు.
రాత్రంతా బ్లడ్ బ్యాంకులో చుక్కలు కొలిచే కాలు కదా,
బ్రేకుని కూడా చుక్క చుక్కగా తొక్కింది,
మలుపు సగానికి వచ్చాక కూడా.
బండి తిరగనని మొండికేసి తిన్నగా పోయింది.

"టైరుకి ఉన్నది ఒకటే జీతం," అంది డోరీన్.
"ఆగడానికే ఖర్చుపెట్టేస్తే
తిరగడానికి ఏం మిగుల్తుంది?
తిన్నగా ఉన్నప్పుడే, ఒక్కసారి, గట్టిగా.
తర్వాత వదిలెయ్. మెల్లిగా లోపలికెళ్ళు."
నెలాఖర్లు ఈదినదాన్ని, ఆ లెక్క వెంటనే ఎక్కింది.
నిదానమే ప్రధానమని మా వైపు లారీల వెనక రాస్తారన్నాను.
"మరి లారీ వాళ్ళు పాటిస్తారా?"
జవాబు దాటేశాను.

మధ్యాహ్నం నా వంతు కూలి.
ఎర్రజెండా చంకలో పెట్టుకుని
పడ్డ కోనుని సున్నపు గీతల పెట్టెలో నిలబెట్టి
పరుగెత్తి పక్కకి రావడం.
నీలం కారులో ఒక కుర్రాడు వచ్చాడు,
టైర్లు ఏడ్చాయి, పొగ లేచింది, అందరం తలలు తిప్పాం.
వెనకే ఒక ముసలాయన, వెలిసిపోయిన వెండిరంగు బండి.
చప్పుడు లేదు. ఏమీ జరగలేదు.
మైకులో టైము చదివితే
కుర్రాడికన్నా నాలుగు సెకన్లు తక్కువ!

ఆయన రెండోసారి వచ్చినప్పుడు కారుని చూడలేదు నేను,
హెల్మెట్టుని చూశాను.
అది ముందుకి లేదు.
పక్క అద్దంలోంచి
ఇంకా రాని మలుపుకేసి తిరిగి ఉంది.
దగ్గరి కోను ఆయన మోచేతి కిందనుంచి
అడక్కుండానే వెళ్ళిపోయింది.

నా ఆఖరి పరుగు.
మెడ నొప్పెట్టేలా అవతలికి చూశాను,
ఒకటి కాదు, రెండు కోన్ల అవతలికి.
చేతులు ఏం చేశాయో తెలీదు.
వరస మొత్తం
దువ్వెనలోంచి జుట్టులా జారిపోయింది.
పెద్ద మెలికలో ఒక్క బ్రేకు, నిటారుగా.
డోరీన్ మొదటిసారి తలుపు పిడి పట్టుకుంది.

ఆ సంబరంలో చివరి ద్వారం వదిలేసి
పక్కనుంచి బయటికి వచ్చేశాను.
దారి తప్పినట్టు లెక్క. టైము రాయరు.
కాగితం మీద నా పేరుకెదురుగా
పొద్దుటి నాలుగు కోన్ల అంకె కన్నా
కాస్త మెరుగైన రెండో పరుగే మిగిలింది.
కింద నుంచి రెండో స్థానం.

"తప్పావు," అంది డోరీన్ హెల్మెట్టు తీస్తూ,
"ఎంత బాగా తప్పావనుకున్నావ్!"

సామాను మళ్ళీ ఎక్కించుకున్నాను.
గోధుమ చేల పక్కన, నాలుగు దారుల దగ్గర
ఎవరూ లేని స్టాప్ బోర్డు.
తిన్నగా, ఒక్కసారి తొక్కి
మెల్లిగా వదిలాను.
వెనక్కి తిరిగి చూశాను.
బియ్యం సంచి ఒరగలేదు.