శేషం

నాలుగు వందల పన్నెండు.
రాత్రి రెండుసార్లు లెక్కపెట్టాను, టార్చి పళ్ళ మధ్య కరిచిపట్టి.
రెండుసార్లూ అదే అంకె.
లీటరు సెలైన్ సంచులు.
కింది వరస అట్టపెట్టెలు నాని, పట్టుకుంటే పిండిలా ఊడొస్తున్నాయి,
లోపలి నీళ్ళు మాత్రం మచ్చ లేకుండా ఉన్నాయి.

బయట కూడా నీళ్ళే.
షిరే నది మొక్కజొన్న చేలను మింగి
న్సాంజే ఆసుపత్రి గోడ దాకా వచ్చి
మెట్టు మీద కూర్చుంది, పనిలేని చుట్టంలా.
ఇన్ని నీళ్ళ నడుమ మనుషులు
ఒంట్లో నీళ్ళు చాలక పోతున్నారు.
దీన్ని వింత అనుకునే తీరిక నాకు లేదు.

కలరా ముదిరిన ఒంటికి ఎనిమిది లీటర్లు, కాస్త అటూ ఇటూ.
భాగించాను.
యాభై ఒక్కరు.
శేషం నాలుగు.

బడిలో మా టీచరు శేషాన్ని పక్కన రాసి
కింద గీత కొట్టెయ్యమనేది.
నాలుగు సంచులంటే సగం మనిషి.
సగం మనిషిని ఏ పక్కన రాయను?

గోడ మీద పటం. ఐదు క్లినిక్కులకు ఐదు గుండుసూదులు,
ఎర్రవి దొరక్క నా చితెంజె అంచు దారం పీకి చుట్టాను.
మకాంగాకు నూట అరవై, వాళ్ళ రిజిస్టరు నిరుడే లావెక్కింది.
బంగులాకు తొంభై ఆరు.
మిగతా మూడింటికి నూట యాభై రెండు.

రాజధాని నుంచి ఫోను, పొడి బూట్ల గొంతు:
"జనాభాను బట్టి పంచండి."
జనాభా ఇప్పుడు బడి రేకుల మీద ఉంది సార్,
పాత రైలుకట్ట మీద ఉంది, మామిడి కొమ్మల్లో ఉంది.
లైను తెగింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

సూదుల పెట్టె వేరే లారీలో ఉంది,
లారీ చిక్వావాలో, తెగిన రోడ్డుకు అవతల.
సూది లేని సెలైన్
కొక్కేనికి వేలాడదీసిన వాన, అంతే.
ప్రసూతి వార్డు నుంచి అరవై తెచ్చాను. అప్పు అని రాశాను.
"రేపు నాకు నెత్తురాగని బాలింత వస్తే, ఎనెలెసీ?"
అంటూనే లెక్కపెట్టి ఇచ్చింది సిస్టర్ మెర్సియానా.
ఆ ప్రశ్నకు నా పట్టీలో గడి లేదు.

తెల్లారకముందే లైసన్ వచ్చాడు,
తొలిచిన మాను దోనె,
పోయినేడు నీటిగుర్రం కొరికిన అంచుకు రేకు ముక్క కొట్టి.
చదువు రాదు. "చదివి వినిపించు" అన్నాడు.
వినిపించాను.
ఒక్కో ఊరికి ఒక్కో వేలు మడిచాడు.
చెయ్యి మూసుకుంది. రెండో చేతి బొటనవేలు చూపించాడు.

"దిబ్బ ఏదీ?"
"ఏ దిబ్బ?"
"వలలు ఆరేసే దిబ్బ. చేపల కాలంలో వచ్చి ఉంటారు.
మొన్న పొద్దున తొమ్మిది పొగలు లేచాయి.
నిన్న మూడు."

పేరు లేదు దానికి. పటంలో నీలం రంగు పూసుంది అక్కడ.
కాకిలెక్క అంటారు రాజధానిలో.
నా దగ్గర కంప్యూటరు గీసిన గ్రాఫు ఉంది, నాలుగు రంగుల్లో,
అందులో ఎక్కడా
పొయ్యి ఆరిపోలేదు.

శేషం నాలుగు. మకాంగా నుంచి ఇరవై కోశాను.
ఇరవై నాలుగు. ముగ్గురు.
ఓఆర్ఎస్ పొట్లాలు గోనెడు, క్లోరిన్ డబ్బా ఒకటి,
బతికుంటే తాగగలిగిన వాళ్ళకు.
మకాంగాలో ఎవరికి తగ్గించానో నాకు తెలియదు.
తెలియదన్నది క్షమాపణ కాదు, అదీ రాసి ఉంచుతున్నాను.
ఆరో వరస తెరిచి, ఊరి పేరు గడిలో
పొగ అని రాశాను.

లైసన్ నవ్వాడు కాబోలు, చీకట్లో కనబడలేదు.
తెడ్డు నీళ్ళను తట్టిన చప్పుడు, తర్వాత అదీ లేదు.

మర్నాడు పొద్దున్నే నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కాను,
ఒక చేత్తో పట్టీ, ఒక చేత్తో ఇనపకడ్డీ.
తూర్పున
ఒకటి.
కాసేపటికి రెండు.
మూడోది పొగో, ఏటి మంచో.

లైసన్‌ని అడగాలి.
ఇంకా రాలేదు.