శనివారానికి ఇస్తా

వారాసిగూడలో నల్లా రోజు విడిచి రోజు.
తెల్లారి నాలుగింటికి పైపులో ముందు గాలి దగ్గుతుంది,
తర్వాత నీళ్ళు.
డ్రమ్ము నిండేలోపు నా ప్రార్థన అయిపోవాలి.
ఆమేన్ ఆలస్యమైతే
నీళ్ళు గల్లీలోకి పొంగుతాయి.
"సువార్తమ్మా, నీ దేవుడు విన్నాడు గానీ నల్లా బంద్ చెయ్యి!"
ఎదురింటి ఖైరున్నీసా నవ్వుతుంది.

నల్లా రాని రోజు నేను నిద్రపోతాను.
ఆయన మేలుకునే ఉంటాడు, పాపం.

బ్లౌజుకి మూడొందల యాభై వస్తే
ముప్పై అయిదు కానుక డబ్బాలోకి.
పదో వంతు పైసాతో సహా తెలుసు నాకు.
గంటలు మాత్రం
కత్తిరించిన పీలికల్లా
మిషను కింద ఎటు పోతాయో తెలీదు.
ఫోనులో ఎవరో వంకాయలు వేయిస్తారు, చూస్తాను.
ఇంకెవరో అత్తాకోడళ్ళు, చూస్తాను.
బాబిన్‌లో దారం అయిపోయిందని లేచి
దారం ఎక్కించకుండానే పొద్దు గూకుతుంది.

ప్రతి ఆదివారం ఒప్పుకుంటూనే ఉన్నాను,
ప్రభువా, నా సమయం పాడుచేశానని.
ఆ "నా" ఎన్నడూ గొంతుకి అడ్డం పడలేదు.

మొన్న బాలనర్సమ్మ వచ్చింది,
అడ్డగుట్ట నుంచి, నడిచి, మూడోసారి.
రాత్రంతా రోడ్లూడ్చిన కళ్ళు.
"బిడ్డ బడి డ్రెస్సు అయిందా అక్కా?"
నా నోరు అలవాటుగా అంది: శనివారానికి ఇస్తా.
ఆమె ఏమీ అనలేదు.
గడప మీద కూచుని
చెప్పులోంచి గులకరాయి దులుపుకుని
మళ్ళీ నడిచింది.

రాను నలభై నిమిషాలు, పోను నలభై, మూడుసార్లు.
నాలుగు గంటలు,
ఆమె నిద్రలోంచి నేను కత్తిరించినవి,
టేపు కూడా పెట్టకుండా.
కానుక డబ్బాలో పట్టవవి.

చర్చి క్యాలెండరు గోడ మీంచి దించాను.
ఒక తారీఖు గడిలో మూడు పేర్లు పడతాయి.
నాలుగో పేరు రాయను.
"శనివారం కుదరదు, మంగళవారం" అనడం నేర్చుకుంటున్నాను.
ఇద్దరు వేరే దర్జీ దగ్గరికి పోయారు.
ఫోను పిండిడబ్బాలో పెట్టాను,
గంటకోసారి మూత తీస్తున్నాను, అబద్ధమెందుకు.

ఆ డ్రెస్సుకి ఆఖరి గుండీ కుట్టి
నేనే నడిచాను అడ్డగుట్టకి, ఎండలో.
తలుపు దగ్గరకేసి ఉంది.
సందులోంచి చూస్తే నేల మీద, మోచెయ్యి తలగడగా,
నోరు తెరిచి నిద్రపోతోంది.
పిలవలేదు.
సంచి గొళ్ళేనికి తగిలించి
చప్పుడు కాకుండా మెట్లు దిగాను.

ఇవాళ నల్లా రోజు కాదు.
నాలుగింటికి మెలకువ వచ్చింది.
ఖాళీ డ్రమ్ము పక్కన కూచున్నాను,
ఎప్పుడు ఆపాలో చెప్పడానికి నీళ్ళు లేవు.