హోరు

ముప్ఫై ఒక్క ఏళ్ళు
నెల్లిమర్ల మిల్లులో మగ్గాల పక్కన నిలబడ్డాను.
చెవులు ఏ రోజు పోయాయో చెప్పలేను,
గోనెసంచి పోగుపోగూ ఊడినట్టు పోయాయి.
ముందు పిచ్చుకలు. తర్వాత సైకిలు బెల్లు.
ఆఖరికి రాహేలమ్మ గొంతు.

ఆ హోరులో మాట ఎవరికీ పనికొచ్చేది కాదు,
పెదాలు చూసి చదువుకునేవాళ్ళం.
బీడీ ఉందా.
మేస్త్రీ వస్తన్నాడు.
మీ గుంటకి జొరం తగ్గిందా.
షెడ్డు ఆ చివర నించి ఈ చివరకి
చప్పుడు లేని కబుర్లు.
పని పోయింది గానీ ఆ చదువు పోలేదు.

ఏటా మాఘంలో చంపావతి ఇసకలో సభల పందిరి వేస్తారు.
ఈసారి నాలుగు వేల మంది అన్నారు.
సీతంపేట కొండల నించి సవరలు రెండు లారీల్లో దిగారు,
కానుకకి పసుపు కొమ్ములు మూటకట్టుకుని.
చింతపల్లి రేవు నించి వేటకెళ్ళేవాళ్ళు,
గరివిడి, రాజాం, ఇంకా పేరు తెలియని ఊళ్ళు.
రాహేలమ్మ గోనెపట్టా పరిచింది.
తడిమి చూశాను. మా నేతే.

పాట మొదలైందని
ముందు వరస నోళ్ళు తెరుచుకుంటే తెలిసింది.
గోగుచేను మీద గాలి నడిచినట్టు
వరస వెనక వరస అందుకుంది.
ఒక తాత మాత్రం ఎప్పుడూ అర చరణం వెనక.
సవర పెదాలు నాకు చదవరావు,
ఆ వైపు ఊరికే చూశాను, ఏటి నీళ్ళని చూసినట్టు.

అయ్యగారు చేతులెత్తారు.
అందరూ ఒక్కసారే, ఎవరి ప్రార్థన వాళ్ళు, పైకే.
చెవులున్నవాళ్ళకి అది ఒట్టి హోరు.
నాకు మాత్రం
ఒక మాట ఇంకో మాట మీద పడలేదు.

నీలం చొక్కా కుర్రాడు: ఈ ఒక్క పరీక్ష ప్రభువా, ఈ ఒక్కటీ.
రేవు మనిషి పడవ పేరు చెప్తున్నాడు
బిడ్డ పేరు చెప్పినట్టు.
గుంజకి ఆనుకున్నావిడ ఏమీ అడగట్లేదు,
నువ్వే సెప్పు, నువ్వే సెప్పు, అంతే.
పొయ్యి దగ్గర గరిటె పట్టుకునే దానియేలు:
పప్పు సరిపోయేలా చూడు తండ్రీ.
తల్లిని చూసి పెదాలు కదుపుతోంది ఒక గుంట,
లోపల మాటే లేదు.

పక్కకి తిరిగాను.
రాహేలమ్మ.
ఈ మనిసిని నాకంటే ముందర తీసుకుపో నాయినా.
ఎనక ఒక్కడూ ఉంటే
ఎవులు తలుపు కొట్టినా ఇనపడదు.

కళ్ళు మూసుకున్నాను.
అది నాకు చెప్పిన మాట కాదు.
మిల్లులోనూ ఒక మర్యాద ఉండేది,
ఏడ్చేవాడి నోటి వైపు చూడకూడదు.

కళ్ళు మూస్తే నాకిక ఏ దారీ లేదు.
చెయ్యి చాచితే పందిరి గుంజ దొరికింది.
వెదురు వణుకుతోంది.
ఏ మగ్గం ఆగిందో ఒకప్పుడు అరికాలు చెప్పేది.
ఇక్కడ ఒక్కటీ ఆగలేదు.
చాలాసేపు ఆ వణుకు ఎటు పడితే అటు కొట్టుకుని,
ఎప్పుడో తెలీదు, ఒక దారిన పడింది.
మళ్ళీ పాట.

నేనూ నోరు తెరిచాను.
నా గొంతు నేను విని పదేళ్ళు దాటింది,
శ్రుతి ఎక్కడుందో దానికే తెలియాలి.
ముందు కూర్చున్న పిల్లాడు వెనక్కి తిరిగి చూశాడు.
చూసి, మళ్ళీ అటు తిరిగి పాడుకున్నాడు.

రాత్రి విస్తళ్ళ దగ్గర
రాహేలమ్మ మొహం నా వైపు తిప్పి,
ఏటి అడిగినావు, అంది.
పప్పు సరిపోవాలని, అన్నాను.

సరిపోయింది.
ఆఖరి పంక్తికి కూడా.