తెల్ల కాగితానికి జిరాక్స్

బ్రాడీపేటంతా స్కేలు పెట్టి గీసినట్టుంటుంది.
లైన్లు నిలువు, అడ్డరోడ్లు అడ్డం.
నాలుగో లైనులో పుట్టి కూడా
నాకు మాత్రం తిన్నని గీత రాలేదు.

పిచ్చిగీతలు, అనేవారు డ్రాయింగు మాస్టారు.
అప్పటికింకా రోగానికి పేరు పెట్టలేదు.
ముందు ఆయన మాట వచ్చింది,
డాక్టరు చీటీ ఇరవయ్యేళ్ళు ఆలస్యం.

ఒక కాగితం, మూడు మడతలు, పదహారు పేజీలు.
దబ్బనంతో రెండు తూట్లు.
మిర్చి టిక్కీలు కుట్టే పురికొస.
అంతే నా పుస్తకం.
వెల వెయ్యలేదు, ఎవరూ అడగనూ లేదు.

మొదటి దానికి కుట్టు లేదు.
పెద్దాసుపత్రి వార్డులోకి సూది రానివ్వరు.
మధ్యాహ్నం అన్నంలో నాలుగు మెతుకులు దాచి
వాటితో అతికించాను.
కిటికీ ఊచలు, నర్సు నడుముకి తాళాలగుత్తి,
పక్కమంచం రాహేలమ్మ జడ.
చూసి ఆమె, "నా జడ ఇంత పొడుగా?" అంది.
ఆ పూట తనే అల్లుకుంది.

రెండోది నిద్ర రాని పదకొండు రాత్రులది.
సిరా అయిపోతే కాఫీ డికాషను,
అదీ అయిపోతే పసుపు.
పేజీ అంచు దాటి బల్ల మీదికి,
బల్ల దాటి గోడెక్కి
కప్పు దాకా చేపలు, చేపలు, చేపలు.
నన్ను ఆటో ఎక్కించి వచ్చాక
మా అన్న ఒక్కడే గోడకి సున్నం కొట్టాడట.
ఏమీ అనలేదు. ఇప్పటికీ అనడు.
గట్టిగా వాన పడితే మాత్రం
సున్నం కింద నుంచి ఒక చేప కన్ను తెరుస్తుంది.
ఇద్దరం చూస్తాం. ఇద్దరం టీ తాగుతాం.

మూడోదాంట్లో గీతలన్నీ వణికాయి.
శంకర్ విలాస్ దగ్గర ఒకాయన పేజీలు తిప్పి
"ఏం శైలమ్మా, నీళ్ళలో గీసినట్టు!" అన్నాడు.
శైలి కాదండీ, లిథియం.
ఆయన పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి
ఈసారి నెమ్మదిగా చూశాడు.

నాలుగోది రాలేదు.
చెయ్యి ఉంది. పెన్సిలు ఉంది.
మధ్యలో నేను లేను.
ఫ్యాను రెక్కలు మూడని తెలుసు,
ఆగినప్పుడు లెక్కపెడితే మూడే.
రెండు నెలలు అదే పని.

ఒకరోజు ఎందుకో లేచి
తెల్ల కాగితాన్నే మడిచి బాజీ కొట్టుకి వెళ్ళాను.
"అక్కా, ఏముందని తియ్యను?"
"ఉన్నదే తియ్యి."
నా మొహం చూసి మూత దించాడు.
లోపల పచ్చవెలుగు ఈ చివర నుంచి ఆ చివరకి
టార్చి పట్టుకుని ఎవరినో వెతుక్కుంటున్నట్టు నడిచింది.

వెచ్చగా బయటికొచ్చింది కాగితం.
తెల్లగా లేదు.
అద్దం మీది గీరలు,
ఎవరి రేషన్ కార్డుదో మూల నీడ,
ఒక వెంట్రుక,
చీమల గుంపులా నల్లచుక్కలు.
"మిషను తుడవాలక్కా" అని సిగ్గుపడ్డాడు.
తుడవకు, అన్నాను.
ఇరవైమూడు కాపీలు.

మందుల షాపు బల్ల మీద రెండు,
ఓపీ వరసలో కూర్చున్న వాళ్ళకి తొమ్మిది.
ఒకావిడ పిల్లాడికి విసనకర్ర చేసింది, మంచిదే.
యార్డు బయట గోడౌనులో తొడిమలు తీసే నాగేంద్రమ్మకి ఒకటి.
అక్షరం రాదంది. అక్షరం లేదు తీసుకో, అన్నాను.

మూడు వారాలకి ఎదురొచ్చి
"చూశా" అని తిరిగిచ్చింది.
బాగుందనలేదు, బాలేదనలేదు.

ఇంటికొచ్చి విప్పాను.
ప్రతి ఆకు కింది మూలా ఎర్రటి బొటనవేలు.
ఒక్కొక్కటీ తిప్పింది, దేన్నీ వదల్లేదు.
కాదు, ఒకటి వదిలింది.
ఐదో ఆకు, ఆరో ఆకు అతుక్కున్నాయేమో.

ఆ ఎరుపెంతో చూద్దామని
కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాను.
తుమ్మొచ్చింది.
ఇల్లంతా అదిరేలా, వరసగా మూడు.
"ఎవరూ?" అన్నాడు వంటింట్లోంచి అన్న.

రెండు నెలల తర్వాత
నా ఒంట్లోంచి వచ్చిన మొదటి పెద్ద చప్పుడు అది.
నేనే, అన్నాను.