వార్నీష్ చుక్క

అయిజలో నాది మోటర్ల వైండింగ్ దుకాణం.
పగలు కాలిన బోరు మోటర్ల కడుపులు కోస్తా,
రాత్రి షట్టరు సగం దించి
జానెడు హెలికాప్టరు కడుపు నింపుతా.

డబ్బాల వచ్చింది ఉత్త డొల్ల.
రెండు చెక్కలు, రెక్కలు,
ఒకటే అచ్చుల పోసిన ఇద్దరు పైలట్లు,
ఇద్దరికీ ముక్కుల్లేవు.
వెనక గది ఖాళీ,
సున్నమేసి అద్దెకు పెట్టిన ఇల్లు లెక్క.

నేను చూసిన హెలికాప్టరు గట్ల లేకుండె.

స్లాట్లల్ల పెట్టే పసుపు కాయితం కత్తిరించి సీట్లు చేసిన.
సిగరెట్ డబ్బా వెండి రేకు బెల్టులు.
బకిలుకు ముప్పై ఆరో నంబరు రాగి తీగ
నాలుగు మూలలు మలిస్తే గసగసాలంత.
పైకప్పు పొంటి వైర్ల కట్టలు గుంజిన.
ఉరుకుందు బోరు మూడుసార్లు కాలింది,
ఆ తీగలే ఇవి.
తెలిస్తే కూలి తగ్గించుమంటడు.

మీటర్లకు సూదిమొనతోని తెల్ల చుక్కలు.
ఒక్క ముల్లు మాత్రం ఆలోచించి గీసిన,
నూనె ముల్లు. చానా కిందికి ఉంది.
మా కాడికొచ్చే ముందు
ఎన్ని మిద్దెలు తిరిగొచ్చిండ్రో.

ఇంక మూడో ఆయన.
డబ్బాల ఆయన లేడు. నేనే చేయాలె.

తుంగభద్ర ఊర్లెకొచ్చిన పొద్దు
బడి మిద్దె మీద పదకొండు మందిమి,
జమ్ములమ్మవ్వ, ఆమె మేకపిల్ల.
రెక్కల గాలికి వాన అడ్డంగ కురిసింది.
ఆయన తలుపు కాడ బోర్ల పండుకొని చేయి చాపిండు.
ముఖం చూడలే. నల్లద్దం దించుకున్నడు,
నోటికి మైకు అడ్డం.
ఆ అద్దంల మా మిద్దె కనబడ్డది,
చుట్టూ ఎర్రనీళ్లు,
మేమందరం గింతగింత,
ఇప్పుడు నేను చేసే బొమ్మలంత.

మేకను వద్దన్నడు. వేలు అడ్డం ఊపిండు.
అవ్వ ఏమనలే.
దాన్ని చంకల పెట్టుకొని కూసున్నది,
బస్సు కోసం కూసున్నట్టు.
ఆయన లోపలికి తిరిగి ఏదో అరిచిండు,
హిందీనో ఇంకేందో.
మళ్లా ఇటు తిరిగి చేయి చాపిండు.
ముందు మేక పోయింది. ఆ తర్వాత అవ్వ.

రాగి ఎముకల మీద
ఎం-సీల్ పిసికి కండ పెట్టిన.
నాలుగుసార్లు చేయి ఇరిగింది.
ముడుచుకున్న చేతులైతే తొందర్నే అయితయి,
చాపిన చేయి నిలబెట్టుడే తిప్పలు.
ముఖానికి పని లేదు, నల్ల రంగు ఒక చుక్క.
చూడని ముఖం నేనెందుకు కల్పించాలె?

మేకపిల్ల కందిగింజంత.
చెవులు పెట్టే కాడ నా కండ్లు ఆనక
బీచుపల్లిని పిలిచిన.
నా కాడ పని నేర్చుకుంటున్న పదిహేడేండ్లోడు,
ఆ వరదకు ఉయ్యాలల ఉన్నడు.
భూతద్దం పెట్టి చూసి
"మిలిట్రీ బండిల మేకేందన్నా?" అన్నడు.
"దించుడు మర్సిపోయిండ్రు" అన్న.

ఆఖరుకు నేల. బూడిద రంగు ఆరినంక
కాయిళ్లకు పోసే వార్నీష్ ఒక్క చుక్క,
అగ్గిపుల్ల మొనతోని,
మేక ఎనక కాళ్ల కాడ.
తడిగ మెరిసింది.

ఆ పొద్దు భయానికి అది ఆడ్నే పోసింది.
అవ్వ సిగ్గుపడి కొంగుతోని తుడవబోతే
ఆయన చేయి అడ్డం పెట్టిండు.
నవ్విండు.
సప్పుడు వినబడలే, భుజాలు ఊగినయి.

రెండు చెక్కలు జిగురు పెట్టి మూసి
రబ్బరు బ్యాండ్లు సుట్టిన.
తలుపుల నుంచి చాపిన చేయి కనబడుతది,
మేక చెవి ఒకటి, అదీ వంగి చూస్తే.
బీచుపల్లి రెండుసార్లు టార్చి ఏసిండు.
"చుక్క కనబడ్తలేదన్నా."
"ఊఁ" అన్న.

పొద్దుగాల్నే ఉరుకుందు వచ్చిండు,
మళ్లా కాలిన మోటరు బండికి కట్టుకొని.
హెలికాప్టరును మీటరు బోర్డు మీదికెక్కించి
బల్ల తుడిచిన.