ఒక మెట్టు కిందికి

మొదటి వారం కెమెరా చేతికియ్యలేదు జానిమియా.
క్లాక్‌టవర్ సందుల స్టూడియో గడప మీద కూసోబెట్టి
ఎదురుగోడ మీది ఎండ
ఎన్ని గంటలకు ఏ ఇటుక దాక దిగిందో
నోటుబుక్కుల రాయమన్నడు.
పాల లెక్క రాసినట్టు రాసిన.

ఎనిమిదోనాడు పట్టీ మెడలేసి
"పో, బత్తాయి మార్కెట్ల ఎవరినన్న దించుకరా" అన్నడు.

గంపలెత్తే సైదమ్మను దించిన,
షెడ్డు నీడల, దగ్గరికి పోయి, మొకం నిండ.
బూడిద పూసినట్టొచ్చింది.

ఆయన చానసేపు చూసిండు.
"దీనికి నలుపు కనబడితే ఆగదు బిడ్డా,
చీకటనుకొని వెలుగు గుమ్మరిస్తది.
నల్లగొండల పుట్టి నలుపును దించరాకపోతె ఎట్ల?
ఒక మెట్టు కిందికి దించు,
అప్పుడు దించు."

రెండు దించుళ్లకు నాకు నవ్వొచ్చింది.
ఆయనకు రాలేదు.
"నలభై ఏండ్లు నేను గూడ గదే జేసిన,
పెండ్లిచూపుల ఫోటోలకు
బ్రష్షుతోని సున్నమేసిన.
ఒక పిల్ల తన ఫోటో చూసుకొని
ఇదెవరిది సాబ్, అన్నది.
పైసలిచ్చే పోయింది."
చాయ్ చల్లారింది. మల్ల మాట్లాడలే.

తెల్లారి మల్ల పోయిన.
సైదమ్మ గంప దించేదాక ఆగిన.
ఒక మెట్టు దించిన.
చెంప మీద చెమట,
ముక్కుపుల్ల పక్కన పాత గాటు,
ఉన్నయి ఉన్నట్టే ఆగినయి.

చూపిస్తే
కొంగుతోని తెర తుడిచింది,
తుడిచినా పోని నలుపును
ఇంకింత దగ్గరికి పట్టుకొని చూసింది.

"నేనే" అన్నది.
"జరుగు బిడ్డా, లారీ నిండలే."